పాతతరం కడలి మరపడవ పందేల పునరుద్ధరణ

ఇరవయ్యో శతాబ్దపు రెండో భాగంలో సముద్రం మీద జరిగిన వేగపు పందేల్లో పాల్గొని, ఆ తరువాత మూలపడిన మరపడవలను వెతికి, బాగుచేసి, తిరిగి నీట నడిపించే కృషిని పాతతరం కడలి మరపడవ పందేల పునరుద్ధరణ అంటారు. మరపడవ అంటే తెరచాప, తెడ్లు లేకుండా ఇంజిను బలంతో నడిచే పడవ. కడలి పందెం అంటే చెరువులోనో, నదిలోనో తేలుడు బుడ్లు పాతిన వలయం చుట్టూ తిరిగే పందెం కాక, ఒక రేవులో బయలుదేరి తీరానికి దూరంగా అలలకు ఎదురీదుతూ మరో రేవుకు చేరే పందెం. పాతతరం అన్న మాటకు అన్ని దేశాల్లోనూ ఒకే హద్దు లేకపోయినా, 1950ల నడిమి నుంచి 1980ల వరకు కట్టిన పడవలను సాధారణంగా ఈ కోవలో చేరుస్తారు.

ఈ కృషికి మూడు అంగాలు ఉన్నాయి: మొదటిది పడవ, రెండోది దాన్ని నడిపే మనిషి విద్య, మూడోది అది పరుగెత్తిన దారి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా పునరుద్ధరణ సగంలో నిలిచిపోతుంది. ఎందుకంటే ఒక పందెపు పడవ అడుగుభాగం వంపును ఎందుకు అలా చెక్కారో, ఇంజినును ఎందుకు అంత వెనక్కి జరిపారో మ్యూజియం గదిలో నిలబెట్టి చూపితే పూర్తిగా అర్థం కాదు. ఆ వంపు అలను కోసినప్పుడే దాని తర్కం బయటపడుతుంది.

పందేల పుట్టుక, ఎదుగుదల

మరపడవల పందేలు మోటారు కార్ల పందేలకు ఇంచుమించు సమవయస్కాలు. 1903లో ఐర్లండ్‌లోని కార్క్ రేవులో దేశాల మధ్య హార్మ్స్‌వర్త్ ట్రోఫీ పోటీ మొదలైంది. అదే ఏడాది అమెరికన్ పవర్ బోట్ అసోసియేషన్ ఏర్పడింది. 1908 లండన్ ఒలింపిక్ క్రీడల్లో మరపడవల పందేలకు కూడా చోటు దక్కింది. 1922లో యు.ఐ.ఎం. అని పిలిచే అంతర్జాతీయ మరపడవ క్రీడా సమాఖ్య ఏర్పడి, తరగతులు, రికార్డులు, నియమాల నిర్ణయాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. అయితే ఆ కాలపు పందేలు ఎక్కువగా రేవుల లోపలా, సరస్సుల్లోనూ జరిగేవి. అలలున్న సముద్రం మీద వేగంగా పోగల పడవను కట్టే విద్య అప్పటికి పూర్తిగా కుదురుకోలేదు.

కడలి పందేల ఆధునిక చరిత్రను 1956లో అమెరికాలోని మయామీ నుంచి బహామా దీవుల్లోని నసావు వరకు జరిగిన పందెంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. సుమారు 300 కిలోమీటర్ల ఆ దారిలో గల్ఫ్ స్ట్రీమ్ అనే బలమైన సముద్ర ప్రవాహాన్ని అడ్డంగా దాటవలసి ఉండడం వల్ల, గాలి ప్రవాహానికి ఎదురు తిరిగినప్పుడు లేచే నిటారు అలలు పడవల చట్రాలను విరిచేవి, నావికుల నడుములను కుదిపేవి. తొలి పందెం గెలిచిన సామ్ గ్రిఫిత్ పేరు మీదనే తరువాతి కాలంలో ప్రపంచ విజేతకు స్మారక ట్రోఫీ ఇవ్వడం మొదలైంది.

బ్రిటన్‌లో ఈ క్రీడకు 1961లో అంకురం పడింది. డెయిలీ ఎక్స్‌ప్రెస్ పత్రికాధిపతి సర్ మాక్స్ ఐట్‌కెన్ చొరవతో వైట్ దీవిలోని కౌస్ రేవు నుంచి డెవన్ తీరంలోని టోర్కీ వరకు ఆ ఏడాది జరిగిన తొలి పందెంలో టామీ సాప్‌విత్ థండర్‌బోల్ట్ అనే పడవతో గెలిచాడు. 1968 నుంచి ఈ పందెం టోర్కీ దాకా పోయి తిరిగి కౌస్‌కు చేరేలా పెరిగింది. 1962లో ఇటలీలోని వియారెజ్జియో నుంచి కోర్సికా దీవిలోని బాస్తియాకు పోయి వచ్చే పందెం మొదలైంది. 1969లో జరిగిన తొలి బ్రిటన్ ప్రదక్షిణ పందెంలో పడవలు దేశం చుట్టూ దశలవారీగా తిరిగి వచ్చాయి. కారు ర్యాలీల్లో పేరుపొందిన ఫిన్లండ్ వాసి టీమో మాకినెన్ అందులో విజేతగా నిలిచాడు. దాదాపు పదిహేనేళ్ల ఈ కాలాన్ని, పడవల రూపశిల్పం అతివేగంగా మారిన దశగా, పునరుద్ధరణకారులు అన్నిటికన్నా విలువైనదిగా చూస్తారు.

పడవ అడుగుభాగపు శాస్త్రం

పాత పందెపు పడవల విలువ తెలియాలంటే నీటి మీద వేగం ఎలా పుడుతుందో తెలియాలి. మామూలు పడవ తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెట్టి, ఆ నీటిలో సగం మునిగి పోతుంది. వేగం పెరిగేకొద్దీ తాను లేపిన అలనే తాను ఎక్కవలసి రావడం వల్ల, ఇంజిను ఎంత పెద్దదైనా ఒక హద్దు దాటి అది పరుగెత్తలేదు. పందెపు పడవ ఈ చెరను వదిలించుకుని నీటి పైకి లేచి, నీటి ఉపరితలాన్ని ఒరుసుకుంటూ జారుతుంది. సముద్రం దగ్గరలో లేని బైరెడ్డిపల్లె, పుంగనూరు, కుప్పం, మదనపల్లె వంటి మెట్ట ప్రాంతాల్లో కూడా పిల్లలకు ఈ సూత్రం చేతికి తెలుసు. చెరువు నీటి మీదికి చదునైన పెంకును వాలుగా విసిరితే, వేగం ఉన్నంతసేపు అది కప్పగంతులు వేస్తూ పోయి, వేగం తగ్గగానే మునిగిపోతుంది. పడవను నీటి పైకి లేపేది కూడా అలాగే, వాలుగా తగిలే నీటి ఒత్తిడే.

చదును అడుగున్న పడవ త్వరగా పైకి లేస్తుంది గాని, అలల మీద ప్రతి గెంతుకూ పలక మీద సమ్మెట పడినట్టు నీటిని గుద్దుకుంటుంది. అడుగును కత్తి అంచులా కోణంగా చేస్తే పడవ అలను కోసుకుంటూ మెత్తగా దిగుతుంది గాని, పైకి లేవడానికి ఎక్కువ బలం కావాలి. అంతకుముందు చాలా పడవల్లో ముందు భాగం కోణంగా ఉండి, వెనక్కి పోయేకొద్దీ చదునుగా మారేది. అమెరికన్ రూపశిల్పి రే హంట్ ఆ కోణాన్ని పడవ వెనుక కొస వరకు ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర లోతుగా నిలిపి, అడుగున పొడవునా సన్నని పట్టీలు అమర్చాడు. ఆ పట్టీలు నీటి తుంపరను కిందికి మళ్లించి పడవను పైకెత్తడంతో, కోణం వల్ల పోయిన లేపుడు బలం కొంత తిరిగి వచ్చింది. దీనినే లోతు వి ఆకారపు అడుగు అంటారు.

1958లో న్యూపోర్ట్ దగ్గర అమెరికా కప్ తెరచాప పందేలు జరుగుతున్నప్పుడు, హంట్ రూపొందించిన 23 అడుగుల చిన్న పడవ ఉధృతమైన అలల్లోనూ సాఫీగా పోవడాన్ని అమెరికన్ పడవల వ్యాపారి డిక్ బెర్‌ట్రమ్ చూశాడు. వెంటనే అదే పోలికలో పెద్ద పడవ కట్టించి, భార్య ముద్దుపేరుతో దానికి మాపీ అని పేరు పెట్టాడు. 1960 మయామీ–నసావు పందెంలో ఉధృతమైన సముద్రం మీద ఆ పడవ సుమారు ఎనిమిది గంటల్లో గమ్యం చేరి, వెనుకవాళ్లను ఎంతో దూరంలో వదిలేసింది. చెక్కతో కట్టిన ఆ మాపీ నుంచే అచ్చు తీసి ఫైబర్ గ్లాస్ పడవలు పోతపోయడంతో, ఒక పందెపు పడవ వేల సాధారణ పడవలకు తల్లి అయింది. ఈనాటి తీరరక్షక దళాల గస్తీ పడవల్లో, చేపల వేట కోసం వాడే వేగపు పడవల్లో కనిపించే అడుగు కోణానికి మూలం ఆ పందేల్లోనే ఉంది. అందువల్ల ఒక పాత పందెపు పడవను కాపాడడం అంటే ఒక ఆట వస్తువును దాచుకోవడం కన్నా చాలా పెద్ద పని.

బొంబాయి పడవల కర్మాగారం నుంచి: సన్నీ లెవీ

ఈ చరిత్రలో భారత ఉపఖండానికి నేరుగా దక్కవలసిన వాటా రెనాటో లెవీ పేరుతో ముడిపడి ఉంది. సన్నీ లెవీగా ప్రసిద్ధుడైన ఈ రూపశిల్పి 1926లో కరాచీలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత బొంబాయిలో తండ్రి వ్యాపారంతో ముడిపడిన పడవల కర్మాగారంలో చేరి, 1950ల దశకమంతా అక్కడి వడ్రంగుల మధ్య పడవల రూపకల్పన నేర్చుకున్నాడు. అరేబియా సముద్రపు అలల మీద పరీక్షించుకున్న ఆలోచనలతో 1960 ప్రాంతంలో ఇటలీలోని ఆంజియోకు వెళ్లాడు. ఆయన 1971లో తన అనుభవాలను వివరిస్తూ రాసిన పుస్తకానికి, అరేబియా సముద్రపు తెరచాప ఓడ అయిన ధౌ మొదలుకొని తాను రూపొందించిన డెల్టా పడవ వరకు అన్న అర్థం వచ్చే పేరు పెట్టడంలోనే ఆ ప్రయాణపు జాడ ఉంది.

ఆయన రూపొందించిన అ'స్పెరాన్‌జియెల్లా అనే పడవ 1963 కౌస్–టోర్కీ పందెం గెలిచింది. నాలుగేళ్ల తరువాత అదే పందెంలో గెలిచిన సర్ఫ్యూరీ కూడా ఆయన సృష్టే. రెండు ఇంజిన్లను ఒకదాని వెనుక ఒకటి అమర్చి, వాటి బలాన్ని ఒకే ప్రొపెల్లరుకు అందించడం ఆ పడవ ప్రత్యేకత. పైనుంచి చూస్తే ముందు సన్నగా, వెనుక వెడల్పుగా త్రికోణంలా కనిపించే డెల్టా ఆకారాన్నీ, సగం నీటిలో సగం గాలిలో తిరిగే ప్రొపెల్లర్లను నమ్మకంగా పనిచేయించే పద్ధతినీ ఆయన అభివృద్ధి చేశాడు. ప్రొపెల్లరును పూర్తిగా నీటిలో ముంచితే దాన్ని పట్టే ఇరుసు, కొక్కేలు కూడా నీటిని ఎదుర్కొని వేగాన్ని తింటాయి. సగం పైకి ఉంచితే ఆ అడ్డు తగ్గుతుందన్నది అందులోని కిటుకు. 1986లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని మూడు రోజుల ఎనిమిదిన్నర గంటల్లో దాటిన వర్జిన్ అట్లాంటిక్ ఛాలెంజర్–2కు కూడా ఆయనే రూపశిల్పి. లెవీ 2016లో కన్నుమూశాడు. ఇటలీలోనూ ఇంగ్లండ్‌లోనూ ఆయన పడవలను ఆరాధనతో వెతికి బాగుచేసే వారు ఉండగా, ఆయన విద్య వేళ్లూనుకొన్న బొంబాయి దశ గురించి మన దేశంలో తెలిసినవారు తక్కువ. భారతీయ నౌకా చరిత్రలో ఆ దశాబ్దానికి తగిన చోటు ఇవ్వడం కూడా పునరుద్ధరణలో భాగమే.

పాత పడవలు మూలపడిన కారణాలు

1970ల చివరికి పందెపు పడవల రూపం మళ్లీ మారింది. రెండు సన్నని పడవ భాగాలను పైన వంతెనలాంటి తలంతో కలిపి కట్టే జంట పడవ, ఆ రెండిటి నడుమ దూరిన గాలి ఒత్తిడి వల్ల సగం ఎగురుతున్నట్టు పోగలిగేది. ఇలాంటి పడవలను ప్రపంచమంతా పిలిచే కాటమరాన్ అన్న పేరు మన పొరుగు తమిళుల కట్టుమరం నుంచి పుట్టినదే. ఈ జంట పడవల ముందు ఒంటి అడుగు పడవలు నిలబడలేకపోయాయి. వేగంతో పాటు ప్రమాదమూ పెరిగింది. ఫార్ములా వన్ కార్ల పందేల్లో పేరుపొందిన దిదియే పిరోనీ 1987 ఆగస్టులో వైట్ దీవి దగ్గర ఇద్దరు సహచరులతో పాటు మరణించాడు. 1989లో ప్రపంచ విజేతగా నిలిచిన స్టెఫానో కసిరాఘి 1990 అక్టోబరులో మొనాకో దగ్గర ప్రాణాలు కోల్పోయాడు. నావికుల మీద గట్టి గాజుకప్పు, నడుముకు, భుజాలకు పటిష్ఠమైన పట్టీలు, తలకిందులైనప్పుడు ఊపిరి పీల్చుకునే గాలి సీసా వంటి ఏర్పాట్లు ఆ తరువాతి కాలంలో ఈ క్రీడలో స్థిరపడ్డాయి. ఇవేవీ లేని తెరచిన పాత పడవలు కొత్త నియమాల ముందు పందేలకు అనర్హమయ్యాయి. పెట్రోలు ఖర్చు, ప్రాయోజకుల కొరత తోడై, అవి పడవల కొట్టాల వెనుకా, తోటల్లో పాకల కిందా ఏళ్ల తరబడి పడి ఉండిపోయాయి.

పడవను బాగుచేసే విధానాలు

దొరికిన పడవ ఏదో నిర్ధారించుకోవడంతో పని మొదలవుతుంది. పందెపు పడవలు చేతులు మారినప్పుడల్లా పేరు, రంగు, పందెం అంకె, ఇంజిన్లు మారేవి కాబట్టి, అడుగుభాగపు కొలతలు, అచ్చు సంఖ్యలు, పాత పందేల ఛాయాచిత్రాలు, పత్రికల వార్తలు, కట్టినవారి గీతచిత్రాలు ఒకదానితో ఒకటి సరిపోల్చి మాత్రమే ఇది ఫలానా పడవ అని తేల్చగలరు. ఈ పరిశోధన పూర్తి కాకముందే రంగు గీకడం, భాగాలు విప్పడం తగదు. పాత రంగు పొరల కిందనే ఒక్కోసారి మొదటి పేరు దాగి ఉంటుంది.

తొలి తరం పడవలు చాలావరకు చెక్కవి. వాటిలో మేలైనవి పొరల పద్ధతిలో కట్టినవి. అంటే కాగితపు అట్టలా పలుచగా చీల్చిన చెక్క పట్టీలను ఒక అచ్చు మీద ఏటవాలుగా ఒక వరుస, దానికి ఎదురు వాలుగా మరో వరుస పరిచి, జిగురుతో అతికిస్తూ పోతే, తక్కువ బరువులో ఎక్కువ బిగువు ఉన్న పెంకు తయారవుతుంది. ఇంగ్లండ్‌లోని ఫెయిరీ మెరైన్ సంస్థ యుద్ధకాలపు విమానాల తయారీలో వాడిన తరహా వేడి, ఒత్తిడి గదుల్లో ఇలాంటి పొరలను ఉడికించి, హంట్ రూపకల్పన ఆధారంగా హంట్రెస్, హంట్స్‌మన్ పడవలను కట్టింది. ఇలాంటి పెంకులో కుళ్లిన చోటును కోసి తీసేసి, అదే జాతి చెక్కను అదే వాలులో పొరలు పొరలుగా అతకాలి. పైపైన ఫైబర్ గ్లాస్ పూసి కప్పేస్తే లోపలి తేమ బయటికి పోలేక, మిగిలిన చెక్క కూడా లోలోపలే కుళ్లుతుంది.

ఫైబర్ గ్లాస్ పడవలు చావులేనివిగా కనిపించినా వాటికీ తమవైన జబ్బులు ఉన్నాయి. పై పొరలోకి నెమ్మదిగా ఇంకిన నీరు లోపలి రసాయనాలతో కలిసి బొబ్బలు తెస్తుంది. బిగువు కోసం లోపల పొదిగిన ప్లైవుడ్డు, బల్సా చెక్క ముక్కలు బయటికి తెలియకుండానే మెత్తబడతాయి. అలలను గుద్దుకున్న దెబ్బలకు పొడవాటి ఊత దూలాలు అడుగు నుంచి విడిపోతాయి. అందుకే చిన్న సుత్తితో అడుగంతా తట్టి శబ్దం విని, మొద్దు శబ్దం వచ్చిన ప్రతి చోటా గుర్తు పెట్టి, తేమను కొలిచి, ఆ తరువాతే మరమ్మత్తు మొదలుపెడతారు. అల్యూమినియం పడవల్లో వేరువేరు లోహాలు ఉప్పునీటిలో కలిసినప్పుడు పుట్టే విద్యుత్ ప్రవాహం వాటిలో ఎక్కువ చురుకైన లోహాన్ని తినేస్తుంది. దీన్ని ఆపడానికి జింకు దిమ్మెలు తగిలించి, ఆ తుప్పును వాటికి బలి ఇస్తారు.

ఇంజిన్ల పని అంతకన్నా చిక్కైనది. ఆ కాలపు పందెపు పడవల్లో చాలావరకు కార్లకు వాడే పెద్ద వి–8 పెట్రోలు ఇంజిన్లనే సముద్రానికి తగినట్టు మార్చి బిగించేవారు. ఉప్పునీటిని నేరుగా ఇంజినులో తిప్పి చల్లబరచడం వల్ల లోపలి దారులు తుప్పుతో మూసుకుపోతాయి. సీసం కలిపిన పెట్రోలుకు అనువుగా చేసిన వాల్వు పీఠాలు ఇప్పటి సీసం లేని పెట్రోలుతో త్వరగా అరిగిపోతాయి కాబట్టి గట్టి పీఠాలు మార్చాలి. ప్రాణాంతకమైన విషయం మరొకటి ఉంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కావడం వల్ల అది పడవ అడుగున పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వతో పడవంతా పేలిపోగలదు. అందుకే ఎంత పాత పడవైనా ఆవిరిని బయటికి తోసే పంకా, నిప్పు ఆర్పే పరికరం, కొత్త పెట్రోలు గొట్టాలు లేకుండా నీటిలోకి దించరాదన్నది ఈ రంగంలో తిరుగులేని నియమం.

అసలుతనం గురించిన సూత్రాలు

ఎంతవరకు మార్చితే పడవ అదే పడవగా మిగులుతుందన్నది పునరుద్ధరణలో కేంద్ర ప్రశ్న. కట్టడాల పరిరక్షణకు 1964 నాటి వెనిస్ ఒప్పంద పత్రం ఎలాంటిదో, నడుస్తున్న పాత నౌకల పరిరక్షణకు ఐరోపా సంస్థలు 2000ల ఆరంభంలో రూపొందించిన బార్సిలోనా పత్రం అలాంటిది. పాత నౌకను నడుపుతూ కాపాడడమే ఉత్తమమని, అందుకోసం చేసే మార్పులు వీలైనంత తక్కువగా, పాతదీ కొత్తదీ వేరుగా గుర్తుపట్టేలా, లిఖిత దాఖలాతో ఉండాలని ఈ పత్రాల స్ఫూర్తి. బ్రిటన్‌లో యాభై ఏళ్లు దాటిన, నిర్ణీత పొడవున్న నౌకల కోసం జాతీయ చారిత్రక నౌకల పట్టిక ఉంది. అమెరికాలో 1975లో ఏర్పడిన యాంటిక్ అండ్ క్లాసిక్ బోట్ సొసైటీ పాత పడవల అసలుతనాన్ని పరిశీలించే న్యాయనిర్ణయ పద్ధతులకు ప్రచారం కల్పించింది.

ఈ చర్చను సామాన్య ప్రజల దాకా తెచ్చినది కడలి పందెపు పడవ కాకపోయినా, దానికి దగ్గరి బంధువైన బ్లూబర్డ్ కె–7. 1967 జనవరి 4న ఇంగ్లండ్‌లోని కోనిస్టన్ సరస్సు మీద వేగపు రికార్డు ప్రయత్నంలో ఈ జెట్ పడవ పల్టీ కొట్టి, నడుపుతున్న డొనాల్డ్ క్యాంప్‌బెల్ మరణించాడు. 2001లో శకలాలను పైకి తీసిన బృందం నలిగిన లోహపు రేకులను సాధ్యమైనంతవరకు పారేయకుండా తిరిగి సాపుచేసి బిగించి, 2018 ఆగస్టులో స్కాట్లండ్‌లోని ఒక సరస్సు మీద పడవను మళ్లీ పరుగెత్తించింది. కొత్తగా చేర్చిన భాగాలు ఎవరివన్న వివాదం ఏళ్ల తరబడి నడిచాక, 2024లో పడవ కోనిస్టన్‌లోని రస్కిన్ మ్యూజియంకు చేరింది. పని మొదలుపెట్టే ముందే యాజమాన్యం, ఖర్చు, నడిపే హక్కు గురించి స్పష్టమైన రాతపూర్వక ఒప్పందం ఉండాలన్నది ఈ ఉదంతం నేర్పిన పాఠం.

నడిపే విద్య

పాత కడలి పందెంలో పడవను తరచుగా ముగ్గురు నడిపేవారు. ఒకరు చుక్కాని తిప్పేవారు, ఒకరు ఇంజిను వేగాన్ని చేతి కర్రలతో అదుపు చేసేవారు, ఒకరు దారి చూసేవారు. వీరిలో రెండోవారి పని అత్యంత సూక్ష్మమైనది. పడవ అల మీది నుంచి గాలిలోకి లేచిన క్షణాన ప్రొపెల్లరుకు నీటి పట్టు తప్పి ఇంజిను అదుపులేకుండా తిరగబోతుంది. ఆ క్షణంలో వేగం తగ్గించి, పడవ నీటిని తాకే లోపు మళ్లీ పెంచాలి. గంటల తరబడి ప్రతి అలకూ ఈ పని చేయడంలో చేయి ఎంత ముఖ్యమో, ముందున్న అలను చదివే కన్ను అంతే ముఖ్యం. దారి చూసేవారు ఉపగ్రహ సాయం లేని ఆ కాలంలో దిక్సూచి, పటం, గడియారం, తీరపు గుర్తులతో లెక్కకట్టేవారు. కుదుపుకు పెన్సిలు కూడా నిలవని పడవలో ఆ లెక్క సరిగా వేయడమే విజయానికి సగం కారణమయ్యేది.

ఈ విద్య పుస్తకాల్లో దొరికేది కాదు. నడిపినవారు వృద్ధులవుతున్న కొద్దీ వారి నోటి మాటలను, చేతి తీరును నమోదు చేసుకోవడం పడవను బాగుచేయడంతో సమానమైన తొందర పని. అందుకే మంచి పునరుద్ధరణ బృందాలు వడ్రంగి, మెకానిక్కులతో పాటు పాత నావికులను కూడా తమలో కలుపుకుంటాయి.

తిరిగి పరుగెత్తించే తీరులు

బాగుచేసిన పడవను ఎలా పరుగెత్తించాలన్న దానికి పలు తీరులు ఏర్పడ్డాయి. మొదటిది ప్రదర్శన పరుగు. ఇందులో గెలుపోటములు ఉండవు. అమెరికన్ పవర్ బోట్ అసోసియేషన్‌లోని పాత పడవల విభాగం ఎక్కువగా ఈ పద్ధతినే పాటిస్తుంది. రెండోది సమవేగ పరీక్ష. ముందుగా ప్రకటించిన సగటు వేగానికి ఎవరు దగ్గరగా దారి పూర్తిచేస్తారో వారే విజేత కాబట్టి, పడవ చట్రం మీద భారం తక్కువగా పడి, నావికుడి లెక్క, నిగ్రహం పరీక్షకు వస్తాయి. మూడోది పూర్తి స్థాయి పందెంలో పాత పడవలకు వేరే తరగతి పెట్టడం. పాతతనానికి, భద్రతకు మధ్య ఘర్షణ ఎక్కువగా తలెత్తేది ఇక్కడే.

వేగం ఎంతటి అనుభవజ్ఞుడినీ క్షమించదు. 1984 బ్రిటన్ ప్రదక్షిణ పందెం గెలిచి, జీవితమంతా పందెపు పడవలు కట్టి, నడిపి, ఎన్నో రికార్డులు సాధించిన ఇటలీ ఇంజినీరు ఫాబియో బుజ్జి 2019 సెప్టెంబరులో మొనాకో నుంచి వెనిస్‌కు రికార్డు ప్రయత్నం ముగింపు దగ్గర ప్రమాదంలో మరో ఇద్దరితో పాటు మరణించాడు. తేలుడు చొక్కా, శిరస్త్రాణం, పడవ నుంచి మనిషి ఎగిరిపడగానే ఇంజినును ఆపే తాడు, వెంట నడిచే రక్షణ పడవలు, వైద్య సహాయం వంటివి పడవ అసలుతనాన్ని చెడగొట్టేవి కావు. వాటిని వద్దనడానికి పాతతనం సాకు కాకూడదు.

దారులు, వేదికలు కూడా వారసత్వంలో భాగమే. కౌస్–టోర్కీ దారి మీద తరువాతి దశాబ్దాల్లోనూ పందేలు జరుగుతూ వచ్చాయి. బ్రిటన్ ప్రదక్షిణ పందెం 2008లో మళ్లీ జరిగింది. మయామీలో 1963లో మరపడవ పందేల కోసమే నీటి అంచున కట్టిన మెరైన్ స్టేడియం, 1992 నాటి ఆండ్రూ తుపాను తరువాత మూతపడినా, దాని కాంక్రీటు కప్పు శిల్పాన్ని కాపాడాలని పౌరులు ఏళ్ల తరబడి ఉద్యమించారు. ఒక క్రీడ జ్ఞాపకం పడవల్లోనే కాక, ప్రేక్షకులు కూర్చున్న మెట్ల మీద కూడా ఉంటుందని ఆ ఉద్యమం గుర్తుచేస్తుంది.

భారతదేశం, తెలుగు తీరం

భారతదేశంలో మరపడవ పందేల చరిత్ర చిన్నది. 2004లో ముంబైలో ఫార్ములా వన్ మరపడవ పందెం జరిగింది. 2017 మార్చిలో ముంబై మెరైన్ డ్రైవ్ ముందు సముద్రంలో పి–1 తరగతి పందేలు నిర్వహించారు. తెలుగు నేల మీద జరిగిన ముఖ్య ఘట్టం 2018 నవంబరు 16 నుంచి 18 వరకు విజయవాడ దగ్గర కృష్ణా నది మీద, ప్రకాశం బ్యారేజీ ఎగువన నిండుగా నిలిచిన నీటిలో జరిగిన ఎఫ్1హెచ్2ఓ ప్రపంచ పందెం. అమరావతి పేరుతో ఒక జట్టు కూడా ఆ పోటీలో పాల్గొంది. దాని పడవలను నడిపినది స్వీడన్ నావికులు. ఆరు మీటర్ల పొడవు, నాలుగు వందల కిలోలకు లోపు బరువున్న ఆ జంట పడవలు గంటకు రెండు వందల కిలోమీటర్లకు మించి పరుగెత్తుతాయి. అవి కడలి పడవలు కాకపోయినా, అడుగును నీటి పైకి లేపి పరుగెత్తడం అన్న సూత్రాన్ని తెలుగువారి కళ్ల ముందుకు తెచ్చాయి.

తెలుగు తీరంలో బాగుచేయడానికి పాత పందెపు పడవలు లేకపోయినా, బాగుచేయగల చేతులు ఉన్నాయి. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపొందిన రేవు. 1789, 1839 నాటి ఉప్పెనలు ఆ రేవును కుదిపేసినా, కోరంగి, తాళ్లరేవు పరిసరాల్లో చెక్క ఓడలు కట్టే వడ్రంగం తరతరాలుగా కొనసాగింది. కాగితం మీద గీత లేకుండా కంటి కొలతతో పడవ పక్కల వంపు తీయగల నేర్పు, పలకల సందుల్లో దూది కూరి గుగ్గిలం పూసే ఒడుపు ఆ వడ్రంగంలో భాగం. బొంబాయి వడ్రంగుల మధ్య సన్నీ లెవీ చూసినది కూడా ఇలాంటి సంప్రదాయమే కావచ్చు. ఫైబర్ బోట్లు, ఔట్‌బోర్డు ఇంజిన్లు వచ్చిన తరువాత ఆ పని తగ్గుతున్నా, నౌకల పరిరక్షణకు ఈ దేశంలో శిక్షణ కేంద్రం పెట్టదలిస్తే కావలసిన గురువులు అక్కడే దొరుకుతారు.

ప్రజలు పాత నౌకను ఆదరిస్తారనడానికి విశాఖపట్నమే నిదర్శనం. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామిని 2002లో రామకృష్ణా బీచ్ ఇసుక మీద మ్యూజియంగా నిలిపినప్పటి నుంచి, సముద్రం చూడడానికి వచ్చే రాయలసీమ, తెలంగాణ కుటుంబాలకు అది తప్పక చూసే చోటైంది. అయితే కురుసుర నీటికి దూరంగా నిలిచిన నౌక. లోపల నడిచి చూసేవారికి యంత్రాల అమరిక తెలుస్తుంది గాని, అది నీటిలో ఎలా మునిగేదో ఊహించుకోవలసిందే. నిలబెట్టి కాపాడడం, నడుపుతూ కాపాడడం అన్న రెండు మార్గాల తేడాను తెలుగు పాఠకుడు అన్నిటికన్నా సులభంగా గ్రహించగల చోటు అదే.

ప్రాముఖ్యం

ఈ కృషి కొద్దిమంది సంపన్నుల వేడుకగా మొదటి చూపుకు కనిపించవచ్చు. కాని ఆ పడవల అడుగున చెక్కిన కోణాలు, పొరల చెక్క, సగం మునిగిన ప్రొపెల్లరు, ఇంజినును ఆపే తాడు వంటివి తరువాత జాలరి పడవల్లోకీ, రక్షణ పడవల్లోకీ, ప్రయాణికుల పడవల్లోకీ నడిచివచ్చిన జ్ఞానం. ఆ జ్ఞానంలో కొంత ప్రాణాలు పెట్టి కొన్నది. దాన్ని కొలతలతో, గీతలతో నమోదు చేయడం మొదటి మెట్టు, చెడిన చెక్కను అదే తీరున అతకడం రెండో మెట్టు, ఆ పడవను అదే దారిలో భద్రంగా, దాన్ని ఎరిగిన చేతులతో నడిపించడం చివరి మెట్టు. కోరంగి వడ్రంగి చేతిలోని వంపుకైనా, సర్ఫ్యూరీ అడుగులోని వంపుకైనా ఈ మూడు మెట్లూ ఒకటే. వాటిలో మొదటి మెట్టుకు ఒక కొలతాడు, ఒక నోటు పుస్తకం, నేర్పు తెలిసిన ఒక పెద్దవాడు చాలు కాబట్టి, తెలుగు తీరంలో ఆ పని ఆరంభించడానికి పందెపు పడవ దొరికేదాకా ఆగనక్కరలేదు.